ఆశీర్వాదం కోసం ముగ్గురు

కాకినాడ వెళ్ళే ప్రయాణీకుల పడవ ధవళేశ్వరం లాకు దగ్గర ఆగి రెండు గడియలైంది. ముందు పదకొండు వడ్ల పడవలున్నాయి. ఒక్కొక్కటీ లాకులోకి వెళ్ళడం, తలుపులు మూయడం, నీళ్ళు దింపడం, అవతలి తలుపులు తీయడం. "మన వంతు పొద్దు వాలితే గాని రాదండి, కాళ్ళు చాపుకోండి," అని పడవ సరంగు భీమరాజు చుట్ట ముట్టించాడు.

పడవలో ఉన్నది నలుగురైదుగురే. రామచంద్రపురం దగ్గరి రైతు అప్పాజీ ఒక మూల కూర్చుని ఎద్దుల సంగతి చెప్పుకుంటున్నాడు. ఆయన వియ్యంకుడు ఒక పని ఎద్దునిస్తానన్నాడట, బదులుగా రెండు కోడెదూడల్ని ఇమ్మన్నాడట. ఇవ్వాలా, వద్దా? "దూడలు మంచివేనండి. కాని దూడ ఎద్దయ్యేదాకా దుక్కి ఆగదు కదండీ," అన్నాడు. ఆయన ఎదురుగా కూర్చున్న పాపాయమ్మ గారు మనవరాలి పురుటికి వెళుతున్న పెద్దావిడ, జంతికలు నములుతూ వింటోంది.

ఆ మాట చెవినపడగానే నరసాపురం బడిపంతులు రాజరత్నం గారు కండువా దులుపుకుని ముందుకు జరిగారు. ఆయన పక్కన భార్య దేవకుమారి తలవంచుకుని లేసు అల్లుతోంది. భర్త గొంతు సవరించుకోవడం వినగానే ఆవిడ కాస్త ఎడంగా జరిగి కూర్చుంది, చేతులు ఆడటానికి చోటు కావాలన్నట్టు. ఆవిడ చేతులు కాదు, ఆయనవి.

"అప్పాజీ గారూ, ఈ దూడలా ఎద్దా అన్న బేరం ఈ గోదావరి జిల్లాలో నాకన్నా ఎరిగినవాడు లేడండి. గొప్పకి చెప్పడం కాదు. ఇరవై రెండేళ్ళ కిందట, ఇంకా రైలు వంతెన కట్టని రోజులు, రాజమండ్రిలో మిషను బడి నడిపే మా అమెరికా దొరగారు నన్నొక్క మాట అడిగారు. ఒక్కటంటే ఒక్కటే. 'రాజరత్నం, ఈ కుర్రాళ్ళలో ఎవర్ని ఇచ్చెయ్యమంటావు?' అని. నేను చెప్పాను. అంతే, పెద్ద విశేషం ఏమీ లేదు."

"కుర్రాళ్ళని ఇచ్చెయ్యడమేంటండీ!" అంది పాపాయమ్మ గారు. జంతిక నోటిదాకా వచ్చి ఆగింది.

"అదే కదండీ చెప్పబోతున్నాను. మా దొరగారు వాళ్ళ దేశం ఆట ఒకటి మాకు నేర్పారు. బేసుబాలు. మన బిళ్ళంగోడుకి అన్నలాంటిది. ఒకడు రోకలి లాంటి గుండ్రటి కర్ర పట్టుకుని నిలబడతాడు. ఎదురుగా అల్లంత దూరాన ఇంకొకడు తోలుబంతి విసురుతాడు. కర్రవాడు మూడుసార్లు తిప్పి, మూడుసార్లూ తగలకపోతే వాడి పని అయిపోయినట్టే. తగిలిందా, పరిగెత్తాలి. నాలుగు మూలలా నాలుగు గోనె మూటలు, ఊక కుక్కినవి. అన్నీ తొక్కి బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒకటి లెక్క. ఈలోగా అవతలివాళ్ళు బంతి పట్టుకుని నీకన్నా ముందు మూట దగ్గరికి చేర్చారో, నువ్వు ఇంటికి."

"ఊక మూటల కోసం పరుగా?" అన్నాడు భీమరాజు.

"నువ్వు నీళ్ళ కోసం పడవ నడుపుతున్నావా? అదీ అంతే. సరే, ఆ ఆటలో ప్రాణమంతా బంతి విసిరేవాడిలో ఉంటుందండి. దొరగారు వాణ్ని పిచ్చరు అంటారు."

"పిచ్చోరా?"

"కాదమ్మా, పిచ్చరు. వాడు మంచివాడైతే మిగిలిన ఎనిమిది మందీ అరుగు మీద కూర్చున్నట్టు కూర్చోవచ్చు. వాడు చెడ్డవాడైతే ఎనిమిది మందీ ఊరంతా బంతి వెనక పరిగెట్టాల్సిందే. మా రాజమండ్రి జట్టులో కొట్టేవాళ్ళున్నారు, పరిగెత్తేవాళ్ళున్నారు, పట్టేవాళ్ళున్నారు. విసిరేవాడు లేడు. అంతకు ముందేడు కాకినాడ రేవులో అమెరికా ఓడ ఒకటి లంగరేస్తే, ఆ ఓడవాళ్ళతో ఆడాం. వాళ్ళు ముప్ఫై ఒకటి, మేము రెండు."

"అయ్యో!"

"ఆ రెండూ నావే అనుకోండి, అది వేరే సంగతి. దొరగారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. మరుసటేడు ఆ ఓడ మళ్ళీ వస్తోందని కబురొచ్చింది. ఇంక చూస్కోండి, ఎవరినైనా తేవాలి. ఉన్నాడు ఒకడు, నరసాపురంలో. పేరు ఆశీర్వాదం. చేపల వేటకెళ్ళే కుటుంబం. చిన్నప్పట్నుంచీ విసురువల విసిరిన చెయ్యి. ఆ చెయ్యి తిరుగుడు చూడాలండి, చెప్పొద్దూ! బంతి వదిలాక అది తిన్నగా వస్తోందని కర్రవాడనుకుంటాడు, తీరా దగ్గరికొచ్చాక పక్కకి వంగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంది. ఒకసారి తాడిచెట్టు వెనక దాక్కున్న కుర్రాడి వీపు మీద కొట్టాడు, చెట్టు ముందు నిలబడి."

"చెట్టు ముందునుంచి వెనకవాణ్ని ఎలా కొడతాడండీ?" అప్పాజీ ఎద్దును మరిచిపోయాడు.

"చుట్టూ తిప్పి. అది మామూలు బంతి. ఆయన మెల్లబంతి ఇంకొకటుంది. అది వదిలాడంటే, కర్రవాడు ఒకసారి తిప్పి, తప్పి, రెండోసారి తిప్పి, తప్పి, ఒళ్ళు మండి కింద కూర్చుని, చుట్ట కాల్చి, నీళ్ళు తాగి, లేచి మూడోసారి తిప్పేవాడు. అప్పటికీ బంతి ఇంకా వస్తూనే ఉండేది."

భీమరాజు పొగ మింగి దగ్గాడు. దేవకుమారి సూది ఒక్క క్షణం ఆగి మళ్ళీ నడిచింది.

"అలాంటివాణ్ని నరసాపురం దొర ఊరికే ఇస్తాడా? అక్కడా బడి ఉంది, అక్కడా జట్టుంది. ఆయన ఉత్తరం రాశాడు. 'మా ఆశీర్వాదాన్ని మీ బడికి పంపుతాను, మీ దగ్గర పెరుగుతున్న కుర్రాళ్ళలో ముగ్గుర్ని నా బడికి పంపండి, నేను తీర్చిదిద్దుకుంటాను' అని. పెరిగినవాడు ఒకడు, పెరిగేవాళ్ళు ముగ్గురు. ఇప్పుడు చెప్పండి అప్పాజీ గారూ, మీ దూడల బేరం కాదూ?"

"అచ్చంగా అదేనండి! మీరేం చేశారు?"

"అదే అడగండి. దొరగారు నన్ను పిలిచి, బంగళా వరండాలో కుర్చీ వేసి..."

"దొరగారి ముందు కుర్చీలో కూర్చున్నారా?" అంది పాపాయమ్మ గారు.

"కూర్చోలేదండి, మర్యాద ఉండొద్దూ? కుర్చీ వేశారు. నేను దానిమీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ముగ్గురు కుర్రాళ్ళ పేర్లు ముందుకొచ్చాయి. మొదటివాడు సత్తిరాజు. వాడి కాళ్ళు చూడాలండీ, కొంగ కాళ్ళు. ఒకనాడు పడవ లాగే కూలీ రాలేదని వీడు తాడు భుజాన వేసుకుని సామర్లకోట కాలవ గట్టున పరుగు తీశాడు. పడవ ఎంత వేగంగా పోయిందంటే కాలవలో నీళ్ళు వెనకబడిపోయాయి."

"నీళ్ళు వెనకబడితే పడవ దేనిమీద నడిచిందండీ?" సరంగు భీమరాజుకి ఇది తన వృత్తికి సంబంధించిన అనుమానం.

"తడిమీద! తడి ఉంటుంది కదా? రెండోవాడు అప్పారావు. పట్టడంలో వాణ్ని మించినవాడు లేడు. పైనుంచి ఏది పడినా వాడి చేతిలోనే. తోటలో కూర్చుంటే ఒక్క మామిడికాయ నేల చూడలేదు. వానాకాలంలో చినుకు గాల్లో ఉండగానే పట్టి, నాలిక మీద వేసుకుని, ఇది హస్త చినుకో చిత్త చినుకో చెప్పేవాడు."

"మా ఊళ్ళో ఒకడు కావాలండి అలాంటివాడు," అన్నాడు అప్పాజీ నిజంగానే.

"మూడోవాడు వీరవెంకటసత్యనారాయణ. మంచి రైతు బిడ్డ. కర్ర వాడి చేతిలో ఉంటే బంతికి ఆయుష్షు మూడినట్టే. వాడి పేరుతోనే మాకు సగం గెలుపు. అవతలివాళ్ళు 'వీరవెంకటసత్యనారాయణ పరిగెడుతున్నాడు, ఆపండి' అని అరిచేలోపు వాడు నాలుగు మూటలూ తొక్కి వచ్చి నీళ్ళు తాగేవాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొరగారు తల పట్టుకున్నారు. ఎవర్ని ఇవ్వాలి, ఎవర్ని ఉంచుకోవాలి? ముగ్గురూ ఆయన చేతి మీద పెరిగినవాళ్ళు. ముగ్గురికీ అక్షరాలు ఆయనే దిద్దించారు. ఒకణ్ని మించి ఒకడి మీద ప్రేమ. కళ్ళలో నీళ్ళు."

ఇక్కడ రాజరత్నం గారి గొంతు కూడా కొంచెం తగ్గింది. పాపాయమ్మ గారు జంతికల మూట పక్కన పెట్టేసింది.

"నేనన్నాను, 'దొరగారూ, మనిషిలో ముందు అరిగేది కాలు. తర్వాత అరిగేది చెయ్యి. చివరికి అరిగేది కన్ను. సత్తిరాజు కాళ్ళు ఇంకో ఐదేళ్ళు. అప్పారావు చేతులు పదేళ్ళు. వీరవెంకటసత్యనారాయణది కన్ను, బంతిని బంతిగా చూసే కన్ను. అది ఇరవై ఏళ్ళు. కాళ్ళూ చేతులూ ఇచ్చెయ్యండి, కన్ను ఉంచుకోండి' అన్నాను."

"బాగా చెప్పారండి," అన్నాడు అప్పాజీ. తర్వాత ఆలోచించి, "కాని ఆశీర్వాదం భుజం మాటేంటండి? అదీ అరుగుతుంది కదా? పని ఎద్దు ఈ ఏడు దున్నుతుంది, పై ఏడు దున్నుతుంది, ఆ పై ఏడు కూలబడితే? అప్పటికి దూడలు అవతలివాడి కొట్టంలో ఎద్దులైపోతాయి."

రాజరత్నం గారు ఆయన వంక మెచ్చుకోలుగా చూశారు. "ఇదిగో, ఇది అసలు ప్రశ్న. దొరగారూ ఇదే అడిగారు. నేనన్నాను, 'అయ్యా, ఓడ వచ్చేది ఈ ఏడు. మనకి ఆకలి ఈ పూటది. నారుమడి చూసుకుంటూ కూర్చుంటే కడుపు నిండదు' అని. మీ సంగతీ అంతేనండి. దుక్కి ఈ ఏడు ఉందా లేదా? ఉంటే ఎద్దుని తెచ్చుకోండి. పొలం కౌలుకిచ్చేసి ఉంటే దూడల్ని ఉంచుకోండి."

"దుక్కి ఉందండి."

"అయితే తెచ్చుకోండి."

"తెచ్చుకుంటానండి," అన్నాడు అప్పాజీ, బరువు దిగినట్టు. "ఆ ముక్క అయింది. ఇంక ఆట సంగతి చెప్పండి."

"ఆటకి ముందు బేరం ఉందండీ! నరసాపురం దొర నేరుగా వచ్చాడు. ఆ దొర మా గట్టున దిగనంటాడు, మా దొర వాళ్ళ గట్టుకి వెళ్ళనంటాడు. సరే అని గోదావరి మధ్యలో రెండు పడవలు కట్టారు. ఆ పడవలో ఆయన, ఈ పడవలో ఈయన, మధ్యలో ఒక పలక మీద నేను. ఆ దొర చెప్పింది ఈ దొరకి, ఈ దొర చెప్పింది ఆ దొరకి. మూడు రోజులు! వరద రోజులండీ, ఎర్రనీళ్ళు. మా బేరం తేలేదాకా వరద కదిలితే ఒట్టు. ఇదుగో, ఈ ఆనకట్ట మీదనుంచి దూకాల్సిన నీళ్ళు దూకడం మానేసి, అంచు మీద నిలబడి తొంగి చూస్తున్నాయి."

"నేనప్పుడు ఈ లాకులోనే పని చేసేవాణ్ని. నాకు గుర్తు లేదే," అన్నాడు భీమరాజు.

"నువ్వు కిందివైపు ఉన్నావేమో. రెండోనాడు చెన్నపట్నం నుంచి తంతి. 'సత్తిరాజునివ్వకండి.' మూడోనాడు అమెరికా నుంచి తంతి. 'అప్పారావునివ్వకండి.' వాళ్ళకెలా తెలిసిందో ఏసుప్రభువుకే తెలియాలి. నేను రెండు తంతులూ మడిచి జేబులో పెట్టుకుని, 'సత్తిరాజు, అప్పారావు, ఇంకొకడు. ఆశీర్వాదాన్ని పంపండి' అన్నాను. ఇద్దరు దొరలూ లేచి నాకు చెయ్యి కలిపారు. అటు చెయ్యి ఒకరు, ఇటు చెయ్యి ఒకరు. అప్పుడు కదిలింది వరద!"

"తస్సదియ్యా!" అన్నాడు అప్పాజీ.

"అలా ఆశీర్వాదం రాజమండ్రి వచ్చాడు. ఓడా వచ్చింది. కాకినాడ ఇసకలో ఆట. జనం! తుని నుంచి, పిఠాపురం నుంచి బళ్ళు కట్టుకొచ్చారు. ఓడవాళ్ళు ఒక్కొక్కడు తాడిచెట్టంత. వాళ్ళ కర్రలు మన దూలాలంత. మొదటివాడు వచ్చి నిలబడ్డాడు. ఆశీర్వాదం బంతి వదిలాడు. వాడు కర్ర తిప్పాడు. ఎంత బలంగా తిప్పాడంటే ఆ గాలికి రేవులో ఆరేసిన తెరచాపలన్నీ నిండి, ఖాళీ పడవలు నాలుగు సముద్రంలోకి బయల్దేరాయి. బంతి మాత్రం తగల్లేదు. అలా ఒకడి తర్వాత ఒకడు. ఇరువైపులా ఎనిమిదేసి వంతులు ఆడితే వాళ్ళకీ సున్న, మాకూ సున్న."

"మీవాళ్ళు కూడా కొట్టలేదా? ఆ పొడుగుపేరు కుర్రాడు?" అంది పాపాయమ్మ గారు.

"వాడికి ఆవేళ జ్వరమండి. ఏం చేస్తాం? కన్నుంది, ఒంట్లో ఓపిక లేదు. తొమ్మిదోసారి మావాళ్ళ వంతు వచ్చింది. కర్ర పట్టుకునేవాడు లేడు. దొరగారు అటు చూశారు, ఇటు చూశారు. నా వంక చూశారు. ఆ ఏడు నేను సలహాలిచ్చేవాణ్నే గాని ఆడేవాణ్ని కాదు కదా? అయినా ఊరి పరువు. పంచె ఎగ్గట్టాను. కర్ర పట్టుకున్నాను. ఓడవాళ్ళ పిచ్చరు నన్ను చూసి నవ్వాడు. బంతి విసిరాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?" పడవలో ముగ్గురూ ఒక్కసారే అడిగారు. పక్క వడ్ల పడవలోంచి ఒకడు కూడా అడిగాడు.

"తగిలింది. తగిలిన చప్పుడుకి పెద్దాపురంలో పిల్లలు పిడుగనుకుని ఇళ్ళలోకి పరిగెత్తారు. బంతి లేచింది. లేచి లేచి, అందరూ మెడలు పైకెత్తి చూస్తుండగా మబ్బులో దూరింది. రెండు చినుకులు పడ్డాయి. మబ్బులోంచి బయటికొచ్చి, ఒడ్డు పట్టుకుని ఉప్పాడ వైపు పోయింది. మీరు విన్నారు కదా, ఉప్పాడలో సముద్రం ఏటేటా ఊరిని కోసుకుంటూ వస్తుందని? ఆ బంతి వస్తుంటే చూసి సముద్రం మూడు పర్లాంగులు వెనక్కి పోయింది. పోయిన ఇళ్ళ పునాదులన్నీ బయటపడ్డాయి. ఎవరి పునాది వాళ్ళు చూసుకుని ఏడ్చారట పాపం. బంతి ఒక నేతగాడి ఇంటి కిటికీలోంచి వెళ్ళి మగ్గం మీద పడింది. దారం ఊడిపోయి, పోగు పోగుగా విడిపోయి, పడుగులో కలిసిపోయింది. ఆయన చూసుకోకుండా నేసేశాడు. ఆ చీర కొంగున ఇప్పటికీ ఒక గుండ్రటి బుటా ఉంటుందండి, తోలు రంగులో. ఎన్నిసార్లు మడత పెట్టినా, మడత విప్పగానే కొంగు దానంతటదే ఎగిరి అవతలి గోడకి తగులుతుంది."

పాపాయమ్మ గారు కళ్ళింతవి చేసింది. భీమరాజు చుట్ట ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు.

"నేను నాలుగు మూటలూ నడుచుకుంటూ తొక్కాను. పరిగెత్తడమెందుకు, బంతి ఉప్పాడలో ఉంటే? గెలిచాం. ఓడ కెప్టెను వచ్చి, 'మీ ఆశీర్వాదాన్ని మాకివ్వండి, మా ఓడ ఇస్తాం' అన్నాడు. నేనన్నాను, 'ఓడ మాకెందుకు, మాకు కాలవలున్నాయి' అని."

అప్పాజీ పగలబడి నవ్వాడు. నవ్వు తగ్గాక పాపాయమ్మ గారు మెల్లగా అడిగింది. ఆవిడ ముఖంలో వెక్కిరింత లేదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

"అంతా బావుంది గాని పంతులుగారూ, ముగ్గురన్నారు కదా. కాళ్ళ కుర్రాడు ఒకడు, చేతుల కుర్రాడు ఒకడు. కన్ను కుర్రాణ్ని మీరే ఉంచుకున్నారు. మరి మూడోవాడెవరండీ?"

"మూడోవాడా? వాడెవడో లెండి. పేరు గుర్తు లేదు. ఎవడో ఒకడు."

"కన్నతల్లి ఉంటుంది కదండీ ఆ బిడ్డకి కూడా. ఎవడో ఒకడెలా అవుతాడు?"

రాజరత్నం గారు కండువా సర్దుకున్నారు. కాలవ వంక చూశారు. అప్పుడు దేవకుమారి అల్లిక ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండానే అంది.

"మూడోవారు వీరేనండి."

పడవ మొత్తం ఆవిడ వైపు తిరిగింది.

"ఆశీర్వాదం మా పెద్దన్నయ్య. సత్తిరాజుని, అప్పారావుని ఇస్తానంటే మా నరసాపురం దొరగారు ఇద్దరు చాలరన్నారట. రాజమండ్రి దొరగారు చుట్టూ చూశారట. ఈయన అరుగు చివర కూర్చుని మూటల్లో ఊక కుక్కుతున్నారట. 'సరే, ఈ కుర్రాణ్ని కూడా తీసుకోండి' అన్నారట. వంకాయలు తూచాక పైన ఒకటి వేస్తారే, అలా కొసరుగా వచ్చారండి మా ఊరికి. ఒక రేకు పెట్టె, ఒక చాప పట్టుకుని రేవులో దిగారు."

భీమరాజు నవ్వబోయి ఆగాడు. "మరి కాకినాడ ఆట?"

"ఆట జరిగింది. అన్నయ్య విసిరాడు. గెలిచారు కూడా. ఈయన మాత్రం వెళ్ళలేదండి. ఆవేళ నరసాపురంలో ఉన్నారు, మా ఇంట్లోనే." ఆవిడ ఒక్కసారి భర్త వంక చూసింది. "మా అమ్మ, అన్నయ్య వెళ్ళినప్పట్నుంచీ పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తూనే ఉండేది. మా నాన్న ఎవరొచ్చినా ఒకటే మాట, బంగారంలాంటి కొడుకునిచ్చి ఎవర్ని తెచ్చుకున్నాం అని. మాకెవరికీ చదువు రాదు. అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వస్తే చదివిపెట్టడానికి దొరగారు ఈయన్ని పంపించేవారు. అన్నయ్య ఉత్తరాలు రెండు ముక్కలండి. పోనీ మూడు. ఆ ఆట ఉత్తరంలో ఏముందో తర్వాత చదువు నేర్చుకుని నేనే చూశాను. 'ఆట అయింది. గెలిచాం. అన్నం తిన్నాను.' అంతే. ఈయన మా అమ్మ ముందు కూర్చుని దాన్ని గంటసేపు చదివారు. బంతి తాడిచెట్టు చుట్టూ తిరిగిందన్నారు. ఓడవాళ్ళ గాలికి పడవలు కదిలాయన్నారు. మా అమ్మ నెలన్నర తర్వాత మొదటిసారి నవ్వింది."

"నమ్మిందా?" అన్నాడు అప్పాజీ.

"ఈయన వెళ్ళాక ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, 'ఇంత చిన్న కాగితంలో అంత సంగతి ఎలా పట్టిందే?' అంది నాతో. మళ్ళీ వారం ఉత్తరం రాకపోతే, 'ఆ అబ్బాయిని రమ్మను, పాతది మళ్ళీ చదువుతాడు' అంది. రెండోసారి చదివినప్పుడు అది ఇంకా పెద్దదైంది. ఆ ఏడు చివర మా నాన్న రాజమండ్రి దొరగారికి కబురు పెట్టించాడు, కొసరు మాకు సరిపోయిందని. పై ఏడు మా పెళ్ళి."

పక్క పడవవాడు కూడా వింటున్నాడు. పాపాయమ్మ గారే, ఉండబట్టలేక, గొంతు తగ్గించి అడిగింది.

"మరి ఆ ఉప్పాడ చీర, అమ్మా?"

"ఆ చీర సంగతి నేనూ ఇవాళే వింటున్నానండి," అంది దేవకుమారి.

ఈసారి అందరూ నవ్వారు. పక్క పడవలో వడ్ల బస్తాల మీద పడుకున్నవాళ్ళు కూడా లేచి నవ్వారు. రాజరత్నం గారు కూడా నవ్వారు, అందరికన్నా ఆఖరున. తర్వాత కండువా మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఇందాకటి గొంతు కాకుండా వేరే గొంతుతో, పాపాయమ్మ గారికి మాత్రమే చెప్తున్నట్టు అన్నారు.

"మా అత్తగారు కళ్ళు మూసుకుని వినేదండి. మిగిలినదంతా నేను ఎలా కావాలంటే అలా చదివేవాణ్ని. కాని చివర 'అన్నం తిన్నాను' అని ఉండేది చూశారూ, అక్కడికొచ్చేసరికి ఆవిడ కళ్ళు తెరిచేది. ఆ ఒక్క ముక్కా మాత్రం ఉన్నది ఉన్నట్టు చదివేవాణ్ని."